సోడాలో నూనె వాసన

కమలాకర్ పనిచేసే జీరా సోడా ఫ్యాక్టరీ సూరత్ దగ్గర కిమ్ అనే ఊరు దాటాక, హైవేకి కాస్త లోపలగా ఉంటుంది. అక్కడ కంటికి కనిపించే పనంతా సీసాలది, కనిపించని పనంతా గాలిది. కంప్రెసర్ పీల్చి, బిగించి పంపే గాలి పైపుల వెంట హాలంతా తిరుగుతుంది. తలకిందులుగా వేలాడుతూ వచ్చే ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లోకి బుస్సున కొట్టి దుమ్ము దులిపేది అదే. మూతలు నొక్కి బిగించేది అదే, నిండిన పెట్టెలను పక్కకు నెట్టేది అదే. గాలి తగ్గితే హాలంతా ఆగిపోతుంది. ఆ గాలిని చూసుకునే మనిషి కమలాకర్.

అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. సూరత్ వచ్చిన కొత్తలో పాండేసరాలో గాలితో నడిచే మగ్గాల మిల్లులో కుదిరి, అక్కడి కంప్రెసర్ గదిలోనే పని నేర్చుకున్నాడు. అక్కడ గాలిలో నాలుగు నూనె తుంపరలు కలిస్తే గుడ్డ మీద మరక పడేది, మేస్త్రీ తిట్టేవాడు, అంతటితో అయిపోయేది. సోడా ఫ్యాక్టరీలో చేరిన రోజున సూపర్‌వైజర్ హర్షద్‌భాయ్ అతన్ని కంప్రెసర్ వెనక్కి తీసుకుపోయి గోడకున్న ఫిల్టర్లు చూపించాడు. కంప్రెసర్ లోపల తిరిగే నూనె కొంచెం పొగలా గాలిలో కలిసి వస్తుంది. దాన్ని ఆపేవి ఆ ఫిల్టర్లే.

"ఇక్కడి గాలి జనం నోట్లోకి పోతుంది కమలాకర్‌భాయ్, అది మరిచిపోకు" అన్నాడు హిందీలో.

కమలాకర్ మరిచిపోలేదు. కానీ ఈ ఎండాకాలం మరిచిపోయినట్టు నడుచుకున్నాడు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరి సోడాకు గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే ఫిల్టర్లు పూడుకుపోయాయి. అవతలి పక్క గాలి సన్నబడి, మూతలు సరిగా బిగియక సీసాల లైను మాటిమాటికీ ఆగుతోంది. కొత్త ఫిల్టర్లు అహ్మదాబాద్ నుంచి రావాలి. హర్షద్‌భాయ్ పదేపదే కంప్రెసర్ గదిలోకి తొంగి చూసి "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. ఫిల్టర్ల పక్క నుంచి ఒక అడ్డదారి పైపు ఉంటుంది. ఎప్పుడైనా మరమ్మతు పడితే వాడుకోవడానికి పెట్టింది. కమలాకర్ దాని వాల్వ్ తిప్పాడు. గాలి ఫిల్టర్లను వదిలేసి నేరుగా హాల్లోకి పోయింది. లైను దడదడా పరుగెత్తింది. హర్షద్‌భాయ్ వచ్చి భుజం తట్టి, అందరి ముందూ "ఈయన చేతిలో ఏదో ఉంది" అన్నాడు.

కొత్త ఫిల్టర్లు వచ్చేదాకే అనుకున్నాడు కమలాకర్. అవి వచ్చాయి కూడా. కానీ వాటిని వేయాలంటే లైను ఆపాలి. అంత నడకలో ఉన్న లైనును ఆపుదామని అడగడానికి నోరు రాలేదు. భుజం తట్టిన చేయి ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది. ఆదివారం వేద్దాం అనుకున్నాడు. ఆదివారమూ పని పెట్టారు. ఫిల్టర్ల డబ్బా అటక మీదే ఉండిపోయింది.

అదే హాల్లో సూరత్‌లోని బమ్రోలి నుంచి కంపెనీ వ్యాన్‌లో వచ్చే తెలుగు ఆడవాళ్ళు కొందరు పనిచేస్తారు. వాళ్ళలో ప్రమీల ఒకతె. ఆమె భర్త సోమలింగం మగ్గాల మీద పనిచేస్తాడు. వాళ్ళదీ కమలాకర్ వాళ్ళదీ ఒకటే గల్లీ. ఆమెను ఈ పనిలో పెట్టించింది కమలాకరే. దాన్నొక ఉపకారంగా అతను ఎన్నడూ అనుకోలేదు. ఒకప్పుడు భార్య నవత కాన్పుకు ఊరెళ్ళినప్పుడు అతనికి కామెర్లు వచ్చి మంచాన పడితే, రెండు పూటలా గంజి కాచి తెచ్చి, దగ్గర కూచుని తాగించింది ప్రమీల. ఆమె అతన్ని తమ్మీ అంటుంది, అతను అక్కా అంటాడు.

గాలి కొట్టించుకున్న సీసాలు నిటారుగా తిరిగి, మూతి తెరుచుకుని బెల్టు మీద వస్తుంటాయి. వాటిని వెలుతురుకు చూసి, మచ్చ ఉన్నదాన్ని, వంకర ఉన్నదాన్ని ఏరి పక్కన పడేయడం ప్రమీల పని. ఆ తర్వాతే అవి సోడా నింపే మిషన్‌లోకి పోతాయి.

ఒక మధ్యాహ్నం డీలర్ రెండు పెట్టెలు వెనక్కి తెచ్చాడు. అడాజన్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఏదో ఫంక్షన్‌కు ఇచ్చిన సరుకు అది. సోడా నూనె వాసన కొడుతోందని, తాగిన పిల్లలు కొందరు వాంతి చేసుకున్నారని గొడవైందట. హర్షద్‌భాయ్ ఒక సీసా మూత తీసి వాసన చూశాడు. ముఖం ముడుచుకుంది. కమలాకర్‌ను పిలిపించి సీసా చేతికిచ్చాడు.

ముక్కు దగ్గర పెట్టుకోక ముందే కమలాకర్‌కు తెలిసిపోయింది. ఆ వాసనతో అతను ఎన్నో ఏళ్ళుగా బతుకుతున్నాడు. ఇంటికెళ్ళి సబ్బుతో రుద్దుకున్నా అతని చేతుల్లో మిగిలే వాసన అది. జీరా ఘాటులో కలిసి కాస్త మారింది, అంతే.

"నూనే" అన్నాడు హర్షద్‌భాయ్. "నీ మిషన్ నుంచి ఏమైనా వస్తోందా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. అడిగినవాడు కోపంగా కూడా అడగలేదు.

"నా దిక్కు నుంచి ఏమీ లేదు భాయ్" అన్నాడు కమలాకర్.

ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. నోరు తెరిచేసరికి అదే వచ్చింది. ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

హర్షద్‌భాయ్ చూపు హాల్లోకి పోయింది. తెరిచిన సీసాల పక్కన ఎవరుంటారు? ఆడవాళ్ళుంటారు. ఆడవాళ్ళ తలలకు నూనె ఉంటుంది. అతనికి అది తేలిగ్గా తోచింది. లైను ఆపించి, అందర్నీ గోడ వెంబడి నిలబెట్టి, వెంట్రుకలు పడకుండా పెట్టుకున్న టోపీలు తీయమన్నాడు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరకూ పోయి, వంగి, తల వాసన చూశాడు.

కమలాకర్ గుమ్మంలో నిలబడి చూశాడు. వరసలో అందరికన్నా పెద్దది కొమురవ్వ. ఆమె నెరిసిన తల మీదికి హర్షద్‌భాయ్ వంగినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. ప్రమీల వంతు వచ్చింది. ఆమెకు తలనొప్పి జబ్బుంది. పొద్దున్నే మాడు తడిసేలా కొబ్బరినూనె అంటుకుంటే గానీ రోజు గడవదు. హర్షద్‌భాయ్ ముక్కు ఆమె పాపిట దగ్గర ఆగింది. రెండోసారి పీల్చాడు.

"ఇది" అన్నాడు.

"నేను టోపీ తియ్యలే భాయ్" అంది ప్రమీల, వచ్చీరాని హిందీలో. "ఒక్కనాడు గూడ తియ్యలే."

ఆమె చుట్టూ చూసింది. తన మాట హిందీలో గట్టిగా చెప్పగలిగే మనిషి కోసం చూసింది. ఆ చూపు గుమ్మం దగ్గర కమలాకర్ మీద పడింది. అతను కంప్రెసర్ గదిలో ఏదో పనున్నట్టు లోపలికి తిరిగాడు.

సాయంత్రం వ్యాన్ ఎక్కకముందే ప్రమీలను రేపటి నుంచి రావద్దన్నారు.

అదే సాయంత్రం, లైను కడిగే వేళ, కమలాకర్ అటక మీది డబ్బా దించి కొత్త ఫిల్టర్లు వేశాడు. అడ్డదారి వాల్వ్ మూశాడు. హాలు దాకా పైపులన్నీ ఊది శుభ్రం చేశాడు. ఎక్కడా లోపం లేకుండా చేశాడు. తప్పు దిద్దుకుంటున్నాననే అనుకున్నాడు. కానీ మర్నాటి నుంచి సోడాలో ఏ వాసనా లేదు. హర్షద్‌భాయ్ సీసా వెనక సీసా తెరిచి చూసి, తృప్తిగా తల ఊపాడు.

"చూశావా? ఆమెను తీసేయగానే పోయింది."

అప్పుడు అర్థమైంది కమలాకర్‌కు, తానేం చేశాడో. ప్రమీల తప్పు చేసిందనడానికి అంతవరకూ అనుమానమే ఉంది. రుజువు తానే తయారుచేసి ఇచ్చాడు.

బమ్రోలి గల్లీలో కబురు పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. ప్రమీల నెత్తి నూనె సోడాల పడ్డదట, పిల్లగాండ్లు కక్కుకున్నరట అని కుళాయి దగ్గర చెప్పుకున్నారు. ఎవరో ఆమెకు నూనెసీసా అని పేరు కూడా పెట్టారు. నవత ఒకరోజు కుళాయి నుంచి వచ్చి బిందె దించుతూ చెప్పింది.

"ప్రమీలక్క నెత్తికి నూనె పెట్టుడే బంజేసింది. జుట్టంత పీచు లెక్క అయింది. తలకాయ నొస్తుందని గుడ్డ కట్టుకొని పంటుంది. నువ్వు జర మీ హర్షద్‌భాయ్‌కి చెప్పరాదు? నీ మాట ఇంటడు గద."

"చూస్త" అన్నాడు కమలాకర్.

"చూస్త గాదు. మనకు ఆమె ఎంత జేసింది!"

అతను అన్నం ముందు నుంచి లేచాడు.   ఆ వారమంతా ఏది తిన్నా నూనె వాసనే వచ్చింది. ప్రమీల ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తుందని, చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వ్యాన్ దగ్గరికి పోతున్నాడు. ఒకసారి సోమలింగం ఎదురుపడి, "తమ్మీ, మా ఆమె టోపీ తియ్యలేదంటది. మరి గదెట్ల అయింది?" అని అడిగాడు. నిలదీసినట్టు అడగలేదు, తెలిసినవాడివి చెప్పు అన్నట్టు అడిగాడు. కమలాకర్ ఏదో గొణిగి వ్యాన్ ఎక్కేశాడు.

ఆ రోజు ఫ్యాక్టరీకి చేరగానే, ధైర్యం చల్లారక ముందే చెప్పేయాలనుకున్నట్టు నేరుగా హర్షద్‌భాయ్ దగ్గరికి పోయి అంతా చెప్పేశాడు. వాల్వ్ తిప్పిందీ, ఫిల్టర్లు వచ్చినా వేయనిదీ, అడిగినప్పుడు అబద్ధం చెప్పిందీ.

 హర్షద్‌భాయ్ లేచి తలుపు వేశాడు.

"డీలర్‌కు ఆడమనిషి తలనూనె అని చెప్పేశాను. యజమాని సేఠ్‌కూ అదే చెప్పాను. ఇప్పుడు మిషన్ అంటే అన్ని రోజుల సరుకూ వెనక్కొస్తుంది. ఇప్పుడు బాగుంది కదా? అయితే ఇక మాట్లాడకు. నీకంత బాధగా ఉంటే ఆమెను రమ్మను. నేనే క్షమించి పిలిచానని చెప్పు."

కమలాకర్ తల ఊపాడు. బయటికొచ్చాక ఒక్క నిమిషం ప్రాణం తేలికైంది. చెప్పాల్సిన చోట చెప్పాను, ఆమె పని ఆమెకు వచ్చింది అనుకున్నాడు. హర్షద్‌భాయ్ క్షమించి సోమవారం నుంచి రమ్మన్నాడని నవతతో ప్రమీలకు కబురు పంపాడు. ఆ తేలిక ఆదివారం దాకా నిలిచింది.

ఆదివారం పొద్దున ప్రమీల కమలాకర్ ఇంటికి వచ్చింది. మక్కజొన్న గారెలు చేసి, గిన్నెలో పెట్టి, మీద బట్ట కప్పి తెచ్చింది. పొడి జుట్టును గట్టిగా లాగి ముడేసుకుంది.

"రేపటికెల్లి రమ్మన్నరు తమ్మీ. నువ్వే జెప్పినవట గద, నవత జెప్పింది. నువ్వు లేకుంటే నన్ను మల్ల ఆ గేటు తొక్కనిస్తురా? ఇంక నేను నెత్తికి చుక్క నూనె గూడ పెట్ట. పెట్టనని వాళ్ళకు గూడ జెప్పు."

నవత గిన్నె అందుకుని, ఒక గారె తీసి కమలాకర్ చేతిలో పెట్టింది. అది ఇంకా వేడిగా ఉంది. అతను దాన్ని పట్టుకునే కూచున్నాడు.

"తిను తమ్మీ. నీకు ఇష్టమని ఉల్లిగడ్డ ఎక్కువేసిన."

"అక్కా" అన్నాడు.  గారె గిన్నెలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అక్కా, ఆ నూనె నీది గాదు."

"నాది గాదనే నేను గూడ అన్న. ఎవరిన్నరు?"

"నా మిషన్‌ది. ఫిల్టర్లు పూడుకపోతే నేను గాలిని పక్క పైపుల కెల్లి పంపిన. నూనె సీసాలల్ల పడ్డది. నాకు ఎర్కనే. ఆనాడు వాసన చూసిననాడే ఎర్కనే."

నవత చేతిలోని గిన్నె మూత కింద పడి గిరగిరా తిరిగి ఆగింది. ప్రమీల అతని వైపే చూస్తోంది. ఆమె ముఖంలో మొదట కోపం రాలేదు. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటున్నట్టుంది.

"మమ్ముల గోడకు నిలవెట్టినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్" అంది.

"ఉన్న."

"నేను నీ దిక్కు జూసిన."

"చూసినవ్."

"నువ్వు లోపటికి పోయినవ్."

కమలాకర్ తల దించుకున్నాడు. నవత ఏడుపు గొంతుతో "ఎందుకు జేసినవ్ గట్ల?" అంది.  భయపడ్డాడనడానికి అక్కడ అంత భయపెట్టేదేమీ లేదు. లైను ఆపనివ్వని మెప్పు, ఆ మెప్పు పోతుందన్న సిగ్గు, అంతే. అంత చిన్నదాని కోసం చేశానని చెప్పుకోవడం అబద్ధం చెప్పడం కన్నా కష్టంగా ఉంది.

"ఇంకా ఎవరికి చెప్పినవ్?" అడిగింది ప్రమీల.

"హర్షద్‌భాయ్‌కి. అందుకే నిన్ను రమ్మన్నడు."

"అంటే క్షమించి పిలిచినట్టు నేను పోవాలె. నూనె పెట్టనని ఒట్టేసి పోవాలె." ఆమె లేచి చెంగు సర్దుకుంది. "ఇంట్ల కూసొని నాకు చెప్తే ఏమొస్తది తమ్మీ? ఎవల ముంగట నా నెత్తి వాసన జూసిండ్రో, వాళ్ళ ముంగట జెప్పు."

గారెల గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టలేదు.

సోమవారం లైను మొదలుకాకముందు కమలాకర్ హాల్లోకి పోయాడు. ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుంటున్నారు. బమ్రోలి వాళ్ళు, ఒడిశా వాళ్ళు, కిమ్ చుట్టుపక్కల ఊళ్ళ గుజరాతీ ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు. ప్రమీల తన చోట, బెల్టు పక్కన నిలబడి ఉంది. అతని వైపు చూడలేదు.

కంప్రెసర్ ఇంకా వేయలేదు కాబట్టి హాలు నిశ్శబ్దంగా ఉంది. అతని గొంతు అతనికే పెద్దగా వినిపించింది. ముందు హిందీలో, తర్వాత తెలుగులో చెప్పాడు. సోడాలో పడిన నూనె ప్రమీల తలది కాదు, ఎవరి తలదీ కాదు, నా మిషన్‌ది. నేను ఫిల్టర్లు తప్పించాను. తెలిసి అబద్ధం చెప్పాను. మీ అందరి తలలూ వాసన చూస్తుంటే నిలబడి చూశాను.

మాటలు అయిపోయాక ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. ఒక గుజరాతీ ఆమె పక్కామెతో ఏదో అని ముఖం తిప్పుకుంది. కొమురవ్వ టోపీ చేతిలో పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

"ఆనాడు నోట్ల ఏం పెట్టుకున్నవ్ బిడ్డా?" అంది. "ఆ పిలగాడు నా కొడుకంత ఉంటడు. నా నెత్తి మీద ముక్కు పెట్టిండు. ఇంటికి పోయి మా ఆయనకు గూడ చెప్పలే నేను."

"తప్పయింది అవ్వా."

"అయింది" అంది కొమురవ్వ. టోపీ పెట్టుకుంటూ తన చోటికి పోయింది.

హర్షద్‌భాయ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అతని ముఖం ఎర్రబడింది. మధ్యాహ్నానికి సేఠ్ వచ్చాడు. గదిలో కేకలు బయటికి వినిపించాయి. డీలర్‌కు నిజం చెప్పక తప్పలేదు. ఆ రోజుల్లో నింపిన సరుకులో అంగళ్ళలో మిగిలింది వెనక్కి తెప్పించారు. గోడౌన్‌లో ఉన్నదాన్ని కమలాకర్ చేతనే మూతలు తీయించి పారబోయించారు. వాకిట్లో పొర్లుతున్న సీసాల మధ్య కూచుని, చేతులు ఉబ్బేదాకా తీశాడు. కొన్ని మాత్రం తిరిగి రాలేదు. జనం తాగేశారు. వాళ్ళెవరో, ఏమయ్యారో అతనికి ఎప్పటికీ తెలియదు.

పనిలోంచి తీసేస్తారని ఎదురుచూశాడు. లోలోపల అదే కోరుకున్నాడేమో కూడా. కానీ గిరాకీ రోజులు, ఆ పాత మిషన్ పద్ధతి తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. సేఠ్ నానా మాటలూ అని, ఉండమన్నాడు. అడ్డదారి పైపును కోసి రెండు పక్కలా వెల్డింగ్ పెట్టమని కమలాకరే అడిగి పెట్టించాడు. హర్షద్‌భాయ్ ఆడవాళ్ళకు ఏమీ చెప్పలేదు. టోపీలు పెట్టుకునే వేళ మాత్రం హాల్లోకి రావడం మానేశాడు.

ప్రమీల ఆ నెలాఖరు దాకా పనికి వచ్చింది. తర్వాత మానేసింది. చీరలకు రాళ్ళు అతికించే పని ఇంటికే తెచ్చుకుంటోందని నవత చెప్పింది. నవతా ప్రమీలా ఎప్పట్లాగే మాట్లాడుకుంటున్నారు. కమలాకర్ సంగతి మాత్రం వాళ్ళ మధ్యకు రాదట.

ఒక సెలవు రోజు సాయంత్రం అతను ఇక చుట్టూ తిరిగిపోకుండా, నేరుగా ఆమె గుమ్మం ముందుకు పోయి నిలబడ్డాడు. ప్రమీల నేల మీద ఊదారంగు చీర పరుచుకుని, జిగురు పుల్లతో చుక్క పెడుతూ, మెరిసే రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతోంది.

"పని ఎందుకు బంజేసినవ్ అక్కా? ఇప్పుడు ఎవ్వలు ఏమంటలేరు గద."

"అంటలేరు" అంది ఆమె తల ఎత్తకుండా. "నువ్వు అందరి ముంగట చెప్పినవ్. చెప్పుడు మంచిదే అయింది. గల్లీల గూడ నోళ్ళు మూతబడ్డయ్. కని ఆ హాలుల నిలబడితే నా పాపిట మీద వాని ఊపిరి తగిలినట్టే ఉంటది తమ్మీ. ఎంత దులుపుకున్న పోతలేదు. దానికి నువ్వేం జేస్తవ్?"

అతను గుమ్మంలోనే నిలబడి ఆ రాళ్ళను చూస్తున్నాడు. 

"నిలబడ్డవేంది? కూసో" అంది ప్రమీల.

కమలాకర్ గడప మీద కూచున్నాడు. ఆమె మళ్ళీ పనిలో పడింది. చీర అంచు గాలికి లేస్తుంటే అతను చేయి చాచి ఒక కొస పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు.  చీకటి పడి రాళ్ళు కనిపించకుండా పోయేదాకా ఆమె అతికిస్తూనే ఉంది, అతను కొస పట్టుకుని కూచునే ఉన్నాడు.